దరఖాస్తు గేటు దాటించుడు కూడా ఉద్యమమే

మన పిల్లలు మార్కులు రాక చదువు మానేస్తున్నరని ఊర్లల్లో పెద్దమనుషులు అంటుంటరు. ఆ మాట వినీ వినీ మనవాళ్లు కూడా నమ్మి, "వాని రాత అంతే" అని ఊకుంటున్నరు. సర్కారు బడిలో పంతులుగ పనిచేస్తున్న నేను చూస్తున్నది వేరే. పది పాసై, ఇంటర్ పాసై, చేతిలో మెమో ఉన్న పిల్లలే జూన్, జులై నెలల్లో లేబర్ కాంట్రాక్టరు కోసం కంపెనీ గేటు ముందట నిలబడుతున్నరు. వీళ్లను ఆపింది పరీక్ష కాదు. పరీక్షకూ కాలేజీకీ నడుమ ఇంకో గేటున్నది. దాని పేరు దరఖాస్తు.

ఇంద్రేశం చుట్టూ ఒకసారి చూడండి. పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం, ఎటు చూసినా కంపెనీలే. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, భానూరులో బీడీఎల్, ఎద్దుమైలారంలో ఆర్డినెన్సు ఫ్యాక్టరీ. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్. 2008లో పెట్టిన ఐఐటీ హైదరాబాదు మొదట ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఆవరణలోనే నడిచి, తర్వాత సంగారెడ్డి దగ్గర కందికి పోయింది. ఇన్ని పెద్ద పేర్ల నడుమ బతుకుతున్న మన వాడల పిల్లలు వాటిలో ఎక్కడున్నరు? నేను చూసినంత మటుకు హెల్పరు, లోడింగు, ఊడ్చుడు, రాత్రి డ్యూటీ సెక్యూరిటీ. పొలాలు ప్లాట్లయినయ్, పొలం పనులు పోయినయ్. ఇక మిగిలింది కంపెనీ గేటే.

ఆ గేటు లోపల ఏముంటదో 2025 జూన్ 30న దేశమంతా చూసింది. పాశమైలారం సిగాచి కంపెనీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చచ్చిపోయిండ్రు. పొట్టకూటికి పరాయి రాష్ట్రాల నుంచి వచ్చినోళ్లు వాళ్లలో ఎందరో. చదువుకున్నోడు ప్రమాదంలో చావడని నేను అంటలేను. కానీ ఏ ట్యాంకులో ఏం కలుస్తున్నదో చదవగలిగినోడు, ఏ యంత్రం ఎంత వేడికి తట్టుకుంటదో తెలిసినోడు "నేను చెయ్య" అని ఒక్కమాట అనగలుగుతడు. ఆ మాట అనే బలం ఫిట్టరుకు కొంత ఉంటది, డిప్లొమా చదివినోనికి ఇంకొంత ఉంటది. హెల్పరుకు ఉండదు. మన పిల్లల చదువు ముచ్చట ఉద్యోగం ముచ్చట ఒక్కటే కాదు, పానం ముచ్చట కూడా.

గేటు ఎట్లున్నదో చూద్దాం

ఒక పిల్ల ఇంటర్ పాసయింది. డిగ్రీలో చేరాలంటే ఒకప్పుడు తండ్రిని వెంటబెట్టుకొని కాలేజీకి పోయి ఫారం తెచ్చుకునేది. 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ సీట్లు 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తున్నరు. పేరు దోస్తే. కానీ సెల్‌ఫోను నెంబరు ఆధార్‌కు ముడిపడి లేకుంటే ఆ దోస్తు మొఖం తిప్పుకుంటడు. మన ఇండ్లల్లో ఫోన్లు ఎట్లుంటయ్? రీచార్జి అయిపోతే నెంబరు పోతది. ఆధార్ తీసిననాడు ఇచ్చిన నెంబరు ఏదో తల్లికి యాదికుండదు. అప్పుడు నెట్ సెంటరు ఆయన తన నెంబరు ఏదో పెట్టి నడిపిస్తడు. సీటు వచ్చిన కబురు, రహస్య నెంబరు, గడువు తేదీ అన్నీ ఆయన ఫోనుకు పోతయ్. పిల్లకు తెల్వదు.

రెండో మెట్టు, కాగితాలు. మెమోలో ఇంటిపేరు ముందున్నది, ఆధార్‌లో వెనకున్నది. కులపత్రం కావాలె, ఆదాయపత్రం కావాలె. రెండూ మీసేవలో పెట్టి తాసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలె. ఫలితాలొచ్చినంక తిరుగుడు మొదలుపెడితే ఊరంతా అదేరోజు తిరుగుతుంటది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం అమలులోకి వచ్చింది. మొదటి గ్రూపుకు 1, రెండో గ్రూపుకు 9, మూడో గ్రూపుకు 5 శాతం. కాబట్టి పాత కులపత్రం ఇంట్లో ఉన్నదని నిమ్మళంగ ఉండొద్దు. గ్రూపు రాసి ఉన్న కొత్తది తీసుకొని పెట్టుకోవాలె.

మూడో మెట్టు, ఆప్షన్లు. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఏది ముందు, ఏది వెనక. మన పిల్లలు రెండు మూడు రాసి ఊకుంటరు. ఆ రెంట్లో రాకుంటే అసలే రాదు. పక్కన తెలిసినోళ్లు కూసున్న ఇండ్లల్లో పిల్లలు ఇరవై రాస్తరు. మార్కులు సమానమే. సీటు వానికి వస్తది, వీనికి రాదు. మొదటి విడతలో దరఖాస్తు ఫీజు 200 రూపాయలు, తర్వాతి విడతల్లో 400. ఆలస్యమైనందుకు జరిమానా కట్టేది కూడా కాగితాలు దొరకక ఆలస్యమైన బీదోడే.

నాలుగో మెట్టు అన్నిటికన్నా మోసమైంది. సీటు వచ్చినంక గడువు లోపల మళ్లీ ఆన్‌లైన్‌లో "నాకు ఈ సీటు కావాలె" అని ఒప్పుకోవాలె. ఒప్పుకోకుంటే వచ్చిన సీటు పోతది. సీటు వచ్చిందన్న సంతోషంలో మిఠాయి పంచి, కాలేజీ తెరిచిననాడు పోదాం అనుకున్న పిల్లలు నాకు తెలుసు. తెరిచిననాడు పోతే పేరు లేదు.

ఈ గేటు మన మండలంలోనే ఉన్నదనుకోవద్దు. పైకి పోయినా ఇదే. 2021లో ఒక దళిత విద్యార్థికి ఐఐటీ బొంబాయిలో సీటు వస్తే, కార్డు పనిచెయ్యక ఫీజు గడువు దాటింది, సీటు పోయింది. 2024 జూన్‌లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా కూలీ కొడుకు, అతనూ దళితుడే, ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు తెచ్చుకున్నడు. ఇంటిల్లిపాది 17,500 రూపాయలు జమచేసేసరికి గడువుకు నిమిషాలే మిగిలినయ్, కట్టేలోపల కంప్యూటరు మూసుకున్నది. ఇద్దరూ సుప్రీంకోర్టు దాకా పోయిండ్రు. ఇద్దరికీ సీటు ఇయ్యమని కోర్టు చెప్పింది. ధన్‌బాద్ తీర్పు 2024 సెప్టెంబర్ 30న వచ్చింది. న్యాయం జరిగిందని అందరం సంబరపడ్డం, సంబరపడాల్సిందే. కానీ ఐటీఐ సీటు కోసం, డిగ్రీ సీటు కోసం సుప్రీంకోర్టుకు ఎవరు పోతరు? గడువు దాటిన మన పిల్ల ఢిల్లీ పోదు. పొద్దుగాల కంపెనీ బస్సు ఎక్కుతది.

'కమ్యూనిటీ' అంటే మనకు ఏంది?

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు అని ఉంటయ్. 1901లో జోలియట్ అనే ఊర్లో మొదలైనయ్. 1947లో అక్కడి అధ్యక్షుడు ట్రూమన్ వేసిన కమిషన్ ఇసుంటి కాలేజీలు దేశమంతటా పెట్టాలన్నది. ఇంటికి దగ్గర, తక్కువ ఫీజు, హైస్కూలు దాటినోళ్లకు చాలామటుకు ప్రవేశ పరీక్ష లేకుండా తలుపు తెరిచి ఉంటది. మన దేశంలో కూడా ఆ పేరు తెచ్చిండ్రు. 2009లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, 2013లో యూజీసీ కమ్యూనిటీ కాలేజీల పథకాలు పెట్టినయ్. మన వాడలో ఎవరినైనా అడగండి, ఆ పేరు విన్నరా అని. 'కమ్యూనిటీ' అంటే మనోళ్లకు తెలిసినవి రెండే. ఒకటి కమ్యూనిటీ సర్టిఫికెట్, రెండు కమ్యూనిటీ హాలు. మొదటిది తాసీల్దారు దగ్గర ఉంటది. రెండోదానికి తాళం ఉంటది.

పేరు ఏదైతేనేం, మనకు ఆ పనిచేసే తలుపులు వేరే ఉన్నయ్. సర్కారు ఐటీఐ, సర్కారు పాలిటెక్నిక్, సర్కారు డిగ్రీ కాలేజీ, సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీ, పనిచేసుకుంట చదివేటోళ్లకు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగ 1982లో అది మన దగ్గర పుట్టింది. 1991లో బాబాసాహెబ్ పేరు పెట్టుకున్నది. ఇవే మన కమ్యూనిటీ కాలేజీలు. వీటి సంగతులు మన పిల్లలకు ఎవరు చెప్తున్నరు? పాలిసెట్ రాస్తే ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కనీస మార్కుల నిబంధన లేదని ఎంతమందికి తెలుసు? "మనకు లెక్కలు రావు, ఎందుకు రాసుడు" అని ఫారమే పెట్టరు. ఐటీఐలో పదో తరగతి మార్కుల మీదనే సీటు ఇస్తరు. అందులో ట్రేడు చదివితేనే పెద్ద ఫ్యాక్టరీలో ట్రేడ్ అప్రెంటిస్‌కు దారి. ఆ ఫ్యాక్టరీ గోడ మన ఇంటికి కనిపిస్తుంటది, దారి కనిపించదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలె. అంత తెరిచిన తలుపులున్న అమెరికాలో కూడా స్కాలర్‌షిప్పు దరఖాస్తు బీదోళ్లకు గేటే. 2008లో అక్కడి పరిశోధకులు ఒక పరీక్ష చేసిండ్రు. పన్ను కాగితాలు నింపే దుకాణాలకు వచ్చిన బీద కుటుంబాలను గుంపులుగ విడదీసిండ్రు. ఒక గుంపుకు ఎంత సాయం వస్తదో లెక్కచెప్పి కాగితం చేతిలో పెట్టి పంపిండ్రు. ఇంకో గుంపు పక్కన కూసోని ఆ దరఖాస్తు నింపిచ్చిండ్రు. సమాచారం మాత్రమే అందుకున్న గుంపులో మార్పేమీ రాలేదు. పక్కన కూసోని నింపిచ్చిన ఇండ్ల పిల్లల్లో రెండేండ్ల కాలేజీ చదువు పూర్తిచేసినోళ్లు వందకు 28 నుంచి 36కు పెరిగిండ్రు. అంటే గోడ మీద పోస్టరు అతికిస్తే చాలదు. పక్కన ఒక మనిషి కూసోవాలె.

మన పక్కన ఇప్పుడు కూసుంటున్నది ఎవరు? ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు. ఫలితాల నాడే మోటరు సైకిళ్ల మీద వాడకొస్తరు. "బస్సు ఫ్రీ, ఫీజు సర్కారే కడ్తది, నీ ఫోను ఇటియ్యి" అంటరు. ఓటీపీ వాళ్లే కొట్టుకుంటరు, ఆప్షన్లు వాళ్లే పెట్టుకుంటరు, ఒరిజినల్ మెమోలు సంచిలో వేసుకొని పోతరు. మా బడిలో చదివిన ఒక పిల్ల ఇట్లనే ఒక కాలేజీలో పడ్డది. పేరు చెప్పను. రెండో ఏడు మానేద్దామంటే, "నీ స్కాలర్‌షిప్పు సర్కారు ఇయ్యలేదు, నువ్వు కట్టి మెమో తీస్కపో" అన్నరు. తండ్రి అప్పుచేసి విడిపించిండు. సర్కారు బాకీ నిజమే. ఫీజు బకాయిలు ఇయ్యలేదని 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ కాలేజీలు మూసిండ్రు, 2025 నవంబరులో మళ్లీ బంద్ చేసిండ్రు. కానీ బాకీ సర్కారుది, జప్తు మన పిల్లల మెమోలా? ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. చూపించుకోవచ్చు, చూసి తిరిగియ్యాలె. ఈ ఒక్క ముక్క ప్రతి తల్లికీ తెలియాలె.

ఈ స్కాలర్‌షిప్పు ఎవరి దయ?

పీఆర్వో చెప్తున్నట్టు ఇది కాలేజీ దయ కాదు. ఏ మంత్రి దయ కూడా కాదు. 1942 అక్టోబరులో వైస్రాయి కార్యవర్గంలో సభ్యునిగ ఉన్న బాబాసాహెబ్ అంబేద్కర్ మన కష్టాల మీద వైస్రాయికి పెద్ద వినతిపత్రం రాసి ఇచ్చిండు. అందులో పైచదువులకు సాయం అడిగిండు. 1944లో మన పిల్లలకు మెట్రిక్ తర్వాతి స్కాలర్‌షిప్పు మొదలైంది. అడిగింది ఎట్ల? కాగితం మీద రాసి, లెక్కలు చూపి. ఆయన 1913లో అమెరికా పోయింది కూడా బరోడా సంస్థానం స్కాలర్‌షిప్పు మీద, ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టే. కాగితం విలువ ఆయనకు తెలిసినంతగ ఎవరికీ తెల్వదు.

ఆ స్కాలర్‌షిప్పుకు ఇయ్యాల ఇంకో మెలిక ఉన్నది. మన రాష్ట్రంలో ఎస్సీలకు ఏడాది ఆదాయం రెండు లక్షలు దాటొద్దన్నరు. లెక్క చెయ్యండి. నెలకు పదిహేడు వేలు వస్తే ఏడాదికి రెండు లక్షల నాలుగు వేలు. ఓవర్‌టైము చేసి, పన్నెండు గంటలు నిలబడి, పిల్ల చదువుకని నాలుగు రాళ్లు ఎక్కువ తెచ్చిన తండ్రి, ఆ ఎక్కువ తెచ్చినందుకే పిల్ల స్కాలర్‌షిప్పు పోగొట్టుకుంటడు. కేంద్రం పథకంలోనే హద్దు రెండున్నర లక్షలు. ఆ మాత్రం కూడా ఇక్కడ లేకపోవుడేంది? అడగాలె.

"ఇది గుమాస్తా పని" అనేటోళ్లకు

మన సంఘాల్లోనే కొందరు అన్నలు అంటరు: "ఫారాలు నింపుడు గుమాస్తా పని. సంఘం పని భూమి, కూలి, ఆత్మగౌరవం." అన్నా, భూమి పట్టాకు అర్జీ రాసింది ఎవరు? కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత, 1989 అట్రాసిటీ చట్టం చేతికొచ్చినంక, ఉద్యమం వాడవాడకూ నేర్పింది ఏంది? పోలీసు స్టేషన్లో నోటితో చెప్పి రావొద్దు, ఫిర్యాదులో ఎవరిది ఏ కులమో స్పష్టంగ రాయించు, రశీదు తీసుకో అని. ఒక్క మాట కాగితం మీద పడకపోతే కేసు నిలువలేదు. మనల్ని కాగితం దగ్గరే ఓడగొట్టిండ్రు, కాగితం దగ్గరే గెలవాలె. దరఖాస్తు కూడా అసుంటి కాగితమే.

ఇంకొందరు అంటరు: "సర్కారు చెయ్యాల్సిన పని మనం చేస్తే సర్కారు తప్పించుకుంటది." ఇది ఆలోచించాల్సిన మాటే. కానీ మనం చెయ్యకుంటే సర్కారు చేస్తున్నదా? ఆ పని పీఆర్వో చేస్తున్నడు. మనం నింపుదాం, నింపినకొద్దీ రిజిస్టరు రాద్దాం. ఏ పిల్లకు ఏ పత్రం ఎన్ని రోజులకు వచ్చింది, ఎవరి సీటు ఏ కారణంతో పోయింది, తేదీతో సహా. వందమంది పేర్ల రిజిస్టరు పట్టుకొని కలెక్టరాఫీసుకు పోతే ఆ మాట బరువు వేరు. ఉత్త చేతులతో పోతే "ఎక్కడ జరిగింది, ఎవరికి జరిగింది" అంటరు.

చెయ్యాల్సింది ఇది

ఒకటి. ఇంద్రేశంలోనూ చుట్టుపక్కల ఊర్లలోనూ కమ్యూనిటీ హాలు తాళం తియ్యాలె. ఏప్రిల్ నుంచి జులై ఆఖరు దాకా, వారానికి రెండు సాయంత్రాలు చాలు. డిగ్రీ చదువుతున్న మన పిల్లలు ఇద్దరు, ఒక ఫోను, ఒక రిజిస్టరు. ఖర్చు ఏమంత లేదు.

రెండు. పది, ఇంటర్ పరీక్షలు రాసిన పిల్లల జాబితా ఇల్లిల్లూ తిరిగి రాయాలె. మహిళా సంఘం అక్కలు ఈ పని మనందరికన్నా బాగ చేస్తరు. ఫలితాలకు ముందే కులపత్రం, ఆదాయపత్రం, ఆధార్‌కు ఫోను ముడి, పేర్లలో తేడాలు, ఈ నాలుగూ సరిచేసి పెట్టాలె.

మూడు. నెంబరు ఇంటిదే పెట్టాలె. రహస్య నెంబరు నోటుబుక్కులో రాసి తల్లి దగ్గర ఉంచాలె. మీట పిల్లే నొక్కాలె, మనం పక్కన కూసోవాలె. మనమే నింపి పంపిస్తే ఇంకో పీఆర్వోలం అయితం.

నాలుగు. ఆప్షన్లలో సర్కారు కాలేజీలు ముందు పెట్టి, పొడుగ్గా రాయాలె. సీటు వచ్చినంక ఒప్పుకునే తేదీ హాలు గోడ మీద పెద్దక్షరాలతో రాయాలె. ఆ తేదీ దాటకముందు రాని పిల్లల ఇంటికి మనమే పోవాలె.

ఐదు. సర్కారును అడగాల్సినవి. ప్రతి మండలంలో ప్రవేశాల కాలమంతా మనిషి ఉన్న సాయం కేంద్రం పెట్టాలె. డబ్బు కట్టేటప్పుడు యంత్రం ఆగిపోయి గడువు దాటితే సీటు పోవద్దు. ఐఐటీ పిల్లలకు సుప్రీంకోర్టు ఇచ్చిన న్యాయం ఐటీఐ పిల్లలకు తాసీల్దారు ఆఫీసులో దొరకాలె. ఆదాయం హద్దు పెంచాలె. ఫీజు బకాయిలు కట్టాలె.

అన్నలారా, అక్కలారా! మా ఇంట్లో డిగ్రీ చదివినోళ్లలో నేనే మొదటివాణ్ణి. ఎవరో ఒకరు ఫారం నింపి, సంతకం ఎక్కడ పెట్టాల్నో వేలు పెట్టి చూపించిండ్రు కాబట్టే చదివిన. ఆ వేలు చూపించుడు ఒక్కరి మంచితనం మీద ఆధారపడొద్దు. అది సంఘం పని కావాలె, ఏటేటా జరిగే పని కావాలె. ఏప్రిల్ 14న బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేస్తం, జెండా కడ్తం, పాట పాడ్తం. ఆనాడే, ఆ విగ్రహం ముందటే, ఒక బల్ల వేసి రిజిస్టరు తెరుద్దాం. మొదటి పేరు మీ ఇంటి పిల్లదే రాయించండి.

జై భీమ్.